నిరసనల దగ్గర పోలీసుల గుర్తింపు: పేరు అడక్కండి, చదవగలిగే నంబరు అడగండి

మీ ప్రశ్న ఇదీ: నిరసనల బందోబస్తులో ఉండే ప్రతి పోలీసూ తన గుర్తింపు పైకి కనిపించేలా పెట్టుకోవాలనే నిబంధన కోసం మీ సంఘం ఒక ముసాయిదా రాస్తోంది. అందులో "ప్రతి అధికారీ తన పేరు, హోదా స్పష్టంగా కనిపించేలా ధరించాలి" అని ఒక వాక్యం పెట్టారు. ఇది సరిపోతుందా, పేర్లు బయటపడితే వాళ్ల కుటుంబాల భద్రత మాటేమిటి అని అడిగారు.

సరిపోదు. మీ రెండో అనుమానంలో నిజం ఉంది, దానికి జవాబు కూడా ముసాయిదాలోనే ఉండాలి. పేరు బదులు నంబరు అడగండి. ఆ నంబరు పూర్తి రక్షణ సామగ్రి తొడుక్కున్నాక కూడా వెనక నుంచి, పది మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. ఆ రోజు ఆ నంబరు ఎవరి ఒంటి మీద ఉందో చెప్పే రిజిస్టర్ ఉండాలి. నంబరు కనిపించకపోతే ఏమవుతుందో నిబంధనలోనే రాసి ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ పనికిరావు. ముసాయిదాలు రాసేవాళ్లు సాధారణంగా మొదటిదాన్ని సగం రాసి, మిగతా రెండూ మర్చిపోతారు.

ముందు "స్పష్టంగా కనిపించేలా" అనే మాట సంగతి చూద్దాం. చట్టాల్లో ఈ మాట ఎక్కడ చూసినా ఉంటుంది. భారతదేశంలో 1996 డిసెంబరులో డి.కె. బసు కేసు తీర్పులో సుప్రీంకోర్టు, అరెస్టు చేసే పోలీసులు స్పష్టమైన గుర్తింపు, హోదాతో పేరు పట్టీ పెట్టుకోవాలని చెప్పింది. తర్వాత అదే మాట క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 41బి సెక్షన్‌లోకి, ఇప్పుడు 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్‌లోకి వచ్చింది. మాట బాగానే ఉంది, కానీ అది వర్తించేది అరెస్టుకు. లాఠీ ఛార్జి అరెస్టు కాదు, బాష్పవాయు గోళం పేల్చడం అరెస్టు కాదు, తోసేయడం అరెస్టు కాదు. గుంపును చెదరగొట్టేటప్పుడు జరిగేవాటిలో ఎక్కువ భాగం ఆ సెక్షన్ బయటే ఉండిపోతుంది. కాబట్టి మీ ముసాయిదాలో "అరెస్టు చేసేటప్పుడు" అనో "తనిఖీ చేసేటప్పుడు" అనో పరిమితి పెట్టకండి. "బందోబస్తు విధిలో ఫాలిన్ అయినప్పటి నుంచి డిస్మిస్ అయ్యేదాకా" అని రాయండి, అంటే డ్యూటీకి వరుసలో నిలబడినప్పటి నుంచి పై అధికారి వెళ్లిపొమ్మనేదాకా.

ఇక కనిపించడం అంటే ఎంత దూరం నుంచి, ఎవరికి? ఇది అభిప్రాయం కాదు, లెక్క. కంటి డాక్టరు దగ్గర ఉండే చార్టు లెక్క ప్రకారం, 6/6 చూపున్న, అంటే చూపులో లోపం లేని మనిషి 1 సెంటీమీటరు ఎత్తున్న అక్షరాన్ని సుమారు 7 మీటర్ల దూరం దాకా చదవగలడు. అదీ మంచి వెలుతురులో, అవతలి మనిషి కదలకుండా నిలబడితే. మామూలు పేరు పట్టీ మీద అక్షరం ఎత్తు అర సెంటీమీటరు ఉంటే ఆ దూరం మూడున్నర మీటర్లకు పడిపోతుంది. పరుగులు, పొగ, భయం అన్నీ కలిపి ఆ దూరాన్ని మూడోవంతుకు తగ్గించి చూడండి. మీటరు దూరం, అంటే లాఠీ అందే దూరం. పట్టీ చదవాలంటే దెబ్బ తినేంత దగ్గరకు వెళ్లాలన్నమాట.

ఫోన్ కెమెరా అయితే లెక్క ఇంకోలా ఉంటుంది, అసలు సాక్ష్యం ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది కాబట్టి దాన్నే కొలమానంగా పెట్టుకోవాలి. అడ్డంగా 1920 పిక్సెళ్లు ఉండే మామూలు వీడియోలో, జూమ్ చేయకపోతే, 10 మీటర్ల దూరంలో దాదాపు 13 మీటర్ల వెడల్పు దృశ్యం పడుతుంది. అంటే మీటరుకు 150 పిక్సెళ్లు కూడా లేవు. 1 సెంటీమీటరు అక్షరానికి ఒకటిన్నర పిక్సెల్ వస్తుంది, అది చుక్క. 5 సెంటీమీటర్ల అక్షరానికి 7 పిక్సెళ్లు, ఊహించుకోవచ్చు గానీ ప్రమాణం చేసి చెప్పలేం. 10 సెంటీమీటర్లు ఉంటే 15 పిక్సెళ్లు వస్తాయి, అప్పుడు అంకె అంకెలా కనిపిస్తుంది. వీడియో కుదింపు, చేతి వణుకు కలిస్తే 12 పిక్సెళ్ల కంటే తక్కువ ఉన్నదాన్ని నమ్ముకోవద్దు. అందుకే వీపు మీద 10 సెంటీమీటర్లు, అంత చోటు లేని హెల్మెట్ మీద 4 నుంచి 5 సెంటీమీటర్లు అని అంకెల్లోనే రాయండి. "తగిన పరిమాణంలో" అని వదిలేస్తే తగిన పరిమాణమేదో యూనిఫాం కొనుగోలు విభాగం నిర్ణయిస్తుంది.

ఫ్రాన్స్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ పోలీసులు, జాండర్మ్‌లు (పోలీసు పనిచేసే సైనిక దళం వాళ్లు) 7 అంకెల వ్యక్తిగత నంబరు ధరించాలని 2014 జనవరి నుంచి నిబంధన ఉంది. నిబంధన ఉన్నా చాలామంది పెట్టుకోలేదు, పెట్టుకున్నవాళ్లది చదవడానికి వీలు కాలేదు. చివరికి 2023 అక్టోబరులో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, నంబరు ధరించడం నిజంగా అమలయ్యేలా చూడాలని, దాని పరిమాణం పెంచాలని, ఇదంతా ఏడాదిలోగా జరగాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. దాదాపు పదేళ్లు పోయింది ఒక కొలత ముందే రాయనందుకు. పైగా 7 అంకెలు ఎక్కువ. పరుగెత్తేవాడి వీపు మీద ఏడంకెలు ఎవరూ గుర్తుపెట్టుకోలేరు.

నంబరు ఎలా ఉండాలన్నదానికి నేను చెప్పేది ఇది: ఒక అక్షరం, నాలుగు అంకెలు. అక్షరం దళాన్ని సూచిస్తే ఇంకా మంచిది. ఇంగ్లిష్ అక్షరాలు వాడితే ఓ, ఐ, బి, ఎస్, జెడ్ వాడకండి, అవి వరుసగా సున్నా, ఒకటి, ఎనిమిది, అయిదు, రెండులా కనిపిస్తాయి. చివరి అంకెను సరిచూపు అంకెగా పెట్టండి, అంటే ముందున్న వాటిని లెక్కకట్టి వచ్చే అంకె. సాక్షి 3ను 8గా చదివితే లెక్క కుదరదు, తప్పు చదివారని అక్కడే తెలిసిపోతుంది, సంబంధం లేని కానిస్టేబుల్ మీదకు ఫిర్యాదు వెళ్లదు. ఊరికే కూడితే మాత్రం చాలదు, పక్కపక్క అంకెలు తారుమారైనా మొత్తం మారదు కదా. స్థానాన్ని బట్టి వేరువేరు సంఖ్యలతో గుణించి కూడాలి. ఇది పోలీసు సంఘాలతో మాట్లాడేటప్పుడు బాగా పనిచేసే అంశం, ఎందుకంటే వాళ్ల అసలు భయాల్లో ఒకటి తప్పుడు గుర్తింపు.

ఎక్కడ పెట్టాలి అనేది పరిమాణం కంటే ఎక్కువసార్లు చెడిపోయే విషయం. ఛాతీ మీద పేరు పట్టీ మామూలు యూనిఫాంకు సరే. కవచం తొడిగితే అది లోపలికి పోతుంది. వర్షం వస్తే రెయిన్‌కోటు కిందకు పోతుంది. షీల్డ్ పట్టుకుంటే దాని వెనక్కి పోతుంది. వీపు మీద బాష్పవాయు గోళాల సంచీ తగిలిస్తే వీపు నంబరూ పోతుంది. ఇవేవీ కావాలని చేసేవి కావు, ప్రతి బందోబస్తులోనూ వాటంతటవే జరుగుతాయి. అందుకని "అన్నింటికంటే పైపొర మీద" అనే మాట ముసాయిదాలో తప్పనిసరిగా ఉండాలి. హెల్మెట్ వెనక, రెండు పక్కలా, కవచం ముందు, వెనక. రెయిన్‌కోటుకు, సంచీకి వేరే నంబరు తొడుగు. హెల్మెట్ ముఖ్యం, ఎందుకంటే గుంపులో తలలు మాత్రమే కనిపిస్తాయి, పై అంతస్తు నుంచి తీసిన వీడియోలోనూ అవే కనిపిస్తాయి.

హెల్మెట్‌తో ఒక చిక్కుంది. చాలాచోట్ల హెల్మెట్లు మనిషికి కాదు, స్టోరుకు చెందినవి. ఉదయం స్టోరులో ఏది చేతికందితే అది తలకెక్కుతుంది. హెల్మెట్‌కే నంబరు పెయింట్ చేస్తే ఆ నంబరు హెల్మెట్‌ది అవుతుంది గానీ మనిషిది కాదు. తీసి పెట్టుకునే తొడుగు గానీ, అచ్చంగా ఒకరికే కేటాయించిన హెల్మెట్ గానీ ఉండాలి. తొడుగుకు వెల్‌క్రో వాడితే తోపులాటలో ఊడిపోతుంది, ఊడిపోయిందని చెప్పుకోవడానికీ వీలిస్తుంది. పారదర్శకమైన జేబు కుట్టించి, లోపల నంబరు కార్డు పెట్టడం మేలు. మెరిసే పదార్థం వద్దు. రాత్రిపూట లైటు పడగానే కెమెరాలో తెల్లటి మచ్చగా మారిపోతుంది. మెరుపులేని నలుపు మీద తెలుపు చాలు.

దళం నంబరు మాత్రమే ఉంటే చాలదా అని తప్పకుండా అడుగుతారు. చాలదనడానికి జర్మనీ కేసు ఒకటి ఉంది. 2007 డిసెంబరులో మ్యూనిక్‌లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ తర్వాత పోలీసులు కొట్టారని ఇద్దరు అభిమానులు ఫిర్యాదు చేశారు. పోలీసుల హెల్మెట్ల వెనక దళం గుర్తు ఉంది, మనిషి గుర్తు లేదు. దళాలే తీసిన వీడియోల్లో కొన్ని భాగాలు మాత్రమే దర్యాప్తుకు చేరాయి. కొట్టినవాళ్లెవరో తేలలేదు. 2017 నవంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఈ కేసులో తీర్పు ఇచ్చింది. కొట్టారని రుజువైందని అనలేదు, దర్యాప్తు సరిగా జరగలేదని, అది హక్కుల ఉల్లంఘనేనని తేల్చింది. ముఖాలు కప్పుకున్న పోలీసులను దింపితే, పేరు బయటపడకుండానే తర్వాత పోల్చుకోగలిగే ఒక నంబరు లాంటిది పైకి కనిపించాలని చెప్పింది. పేరు అక్కర్లేదని ఆ న్యాయస్థానమే అంటోంది, గమనించండి. మీ వాదనకు ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఇటలీలో 2001 జులై 21 రాత్రి జెనోవాలో డియాజ్ పాఠశాల మీద జరిగిన దాడి ఇంకా పెద్ద ఉదాహరణ. నిద్రపోతున్న నిరసనకారులను చితకబాది 93 మందిని అరెస్టు చేశారు. దాడిని నడిపించినవాళ్లలో కొందరు పై అధికారులకు ఇతర నేరాల మీద శిక్షలు పడ్డాయి గానీ, స్వయంగా లాఠీలు ఎత్తినవాళ్లు ఎవరన్నది తేలనే లేదు. 2015లో అదే యూరోపియన్ న్యాయస్థానం అక్కడ జరిగింది చిత్రహింస అని చెప్పింది.

ఇప్పుడు భద్రత సంగతి. పోలీసుల పేర్లు ఇంటర్నెట్‌లో పెట్టి ఇంటి చిరునామాలు వెతకడం నిజంగా జరుగుతుంది. దాన్ని కొట్టిపారేస్తూ వాదిస్తే అక్కడే ఓడిపోతారు. నంబరు ఈ చిక్కును తప్పిస్తుంది. నంబరు నుంచి పేరుకు వెళ్లే దారి ఒక్కటే, రిజిస్టర్. ఆ రిజిస్టర్ ఎవరి చేతిలో ఉందన్నదే భద్రత. జర్మనీలోని బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రం 2013 నుంచి ఇలాగే చేస్తోంది: మామూలు డ్యూటీలో పేరు పట్టీ, దళాలుగా దిగినప్పుడు నంబరు. దీని మీద కొందరు పోలీసులు తమ వ్యక్తిగత హక్కులు పోతున్నాయని కోర్టుకెక్కారు. 2019 సెప్టెంబరులో ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం ఆ చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఇంకా భయం ఉంటే ఒక్కో అధికారికి రెండు మూడు నంబర్లు కేటాయించి, బందోబస్తును బట్టి మార్చుకునే వీలివ్వండి. మీకు నష్టం లేదు, రిజిస్టర్ సరిగా ఉన్నంత వరకు. పేరుతో ఇంకో ఇబ్బంది ఉంది, ఎవరూ చెప్పరు: ఒకే పేరు ఒకే పోలీసు కంపెనీలో నలుగురికి ఉంటుంది.

రిజిస్టర్‌లో ఏముండాలంటే: నంబరు, మనిషి, తేదీ, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ దళం, ఏ చోటు, ఎవరి ఆధీనంలో. ఫాలిన్ సమయంలోనే రాయాలి, సాయంత్రం గుర్తుచేసుకుని కాదు. మధ్యలో కార్డు పోతే అదనపు కార్డు ఇచ్చిన సమయం రాయాలి. ప్రతి దళానికీ నూటికి పదైనా అదనపు కార్డులు వెంట ఉండాలి, లేకపోతే "పోయింది, ఇంకోటి లేదు" అన్న మాట మొదటి గంటలోనే వినిపిస్తుంది. ఒకరి నుంచి వెనక్కి తీసుకున్న నంబరును ఫిర్యాదులకు, కేసులకు ఉన్న గడువు ముగిసేదాకా ఇంకొకరికి ఇవ్వకూడదు. రిజిస్టర్ నకలు ఒకటి అదే రోజు ఆ దళంతో సంబంధం లేని విభాగానికి చేరాలి. ఎవరు, ఎప్పుడు, ఏ ఫిర్యాదు కోసం నంబరు వెనక పేరు చూశారో కూడా నమోదు కావాలి. ఈ చివరిది పోలీసుల రక్షణ కోసమే, దాన్ని అలాగే చెప్పండి.

బయటి దళాలు ముసాయిదాల్లో పెద్ద కన్నం. పెద్ద నిరసనకు పక్క జిల్లా నుంచో, పక్క రాష్ట్రం నుంచో, కేంద్ర బలగాల నుంచో మనుషులొస్తారు. స్థానిక నిబంధన తమకు వర్తించదంటారు. నిబంధనను దళానికి కాకుండా బందోబస్తుకు ముడిపెట్టండి: ఈ బందోబస్తు ఎవరి ఆధీనంలో ఉంటే, వచ్చిన ప్రతి ఒక్కరికీ నంబరు కార్డు ఇచ్చే బాధ్యత వారిది. సంస్థ పేరు కూడా పైకి కనిపించాలి. 2020 జూన్‌లో వాషింగ్టన్‌లో నిరసనల దగ్గర కొందరు ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) అధికారులు ఏ సంస్థ వాళ్లో తెలియని యూనిఫాంలతో నిలబడ్డారు. ఆ గొడవ తర్వాతే అమెరికా కాంగ్రెస్ 2021 రక్షణ బిల్లులో ఒక సెక్షన్ చేర్చింది. అలజడుల విధుల్లో ఉన్న ఫెడరల్ అధికారులు, సైనికులు, నేషనల్ గార్డ్ తమ పేరు గానీ తమకే చెందిన వేరే గుర్తు గానీ, దాంతోపాటు సంస్థ పేరు పైకి కనిపించేలా పెట్టుకోవాలన్నది అందులో ఉంది. అయితే అది అలజడి విధులకే పరిమితం. 2025లో ముఖాలు కప్పుకున్న వలస విభాగం అధికారుల మీద వివాదం వచ్చినప్పుడు ఆ పరిమితి బయటపడింది. కాలిఫోర్నియా అదే ఏడాది సెప్టెంబరులో ముసుగుల మీద ఒకటి, గుర్తింపు మీద ఒకటి వేరువేరు చట్టాలు చేసింది, ఫెడరల్ ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది.

ముసుగు మాట వచ్చింది కాబట్టి: మీ ముసాయిదాలో ముసుగుల నిషేధాన్ని కలపకండి. పెట్రోలు సీసాలు పడేచోట మంటకు తట్టుకునే ముసుగు, బాష్పవాయువు ఉన్నచోట గ్యాస్ మాస్కు నిజమైన రక్షణ పరికరాలు. ముఖం కప్పే అవసరం ఉంది కాబట్టే నంబరు బయట ఉండాలి అనండి. రెండూ కలిపితే చర్చంతా ముసుగు మీదకు మళ్లుతుంది.

మఫ్టీలో ఉన్నవాళ్లకు మినహాయింపు అడుగుతారు. ఇవ్వండి, కానీ ఒక గీత గీయండి. చూడటం, వీడియో తీయడం వరకే మినహాయింపు. ఎవరి మీదనైనా చెయ్యి వేసిన క్షణం నుంచి నంబరున్న చేతిపట్టీ బయటికి రావాలి. ఇందులో పోలీసులకూ లాభముంది, మఫ్టీలో ఉన్నవాణ్ని తోటి పోలీసులే కొట్టే సంఘటనలు తగ్గుతాయి.

చివరికి అందరూ వదిలేసేది, పెట్టుకోకపోతే ఏమవుతుంది అన్నది. లండన్‌లో 2009 ఏప్రిల్ 1న జి20 నిరసనల సమయంలో ఇయాన్ టామ్లిన్సన్ అనే పత్రికల వ్యాపారిని ఒక పోలీసు వెనక నుంచి కొట్టి తోసేశాడు, కాసేపటికే ఆయన చనిపోయాడు. ఆ పోలీసు ముఖం కప్పి ఉంది, భుజం మీద నంబరు లేదు. అటుగా వెళ్లే మనిషి తీసిన వీడియో లేకపోతే విషయం బయటికే వచ్చేది కాదు. లండన్ పోలీసులకు భుజం నంబరు నిబంధన అప్పటికే ఉంది. లేనిది నంబరు తీసేస్తే పడే బరువు.

ఆ బరువు మూడు చోట్ల పెట్టాలి. మొదటిది పై అధికారి మీద. ఫాలిన్ అప్పుడు ప్రతి సెక్షన్‌కూ, అంటే దళంలోని ప్రతి చిన్న జట్టుకూ, ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి ఫోటో తీసి రిజిస్టర్‌కు జతచేయాలి, ఇది రెండు నిమిషాల పని. ఫోటోలో నంబరు లేనివాణ్ని లైనులోకి పంపితే జవాబు చెప్పాల్సింది ఆ సెక్షన్ అధికారి. రెండోది ఆ మనిషి మీద: కావాలని కప్పడం, టేపు వేయడం, ఇంకొకరి నంబరు తగిలించుకోవడం దానంతటదే క్రమశిక్షణ నేరం, దెబ్బ ఎవరికీ తగలకపోయినా సరే. మూడోది, అసలైనది, శాఖ మీద. నంబరు లేకపోవడం వల్ల కొట్టినవాడెవరో తేలకపోతే పరిహారం కేసులో భారం శాఖదే కావాలి. ఆ బలప్రయోగం సబబైనదేనని శాఖే రుజువు చేసుకోవాలి. ఇది లేకపోతే గుర్తు తెలియకపోవడం వల్ల లాభపడేది శాఖే, దాన్ని సరిచేయాలన్న తొందర దానికి ఎందుకుంటుంది? శాఖల న్యాయ విభాగాలు కొట్టేయమనేది కూడా మొట్టమొదట దీన్నే. కొలతల దగ్గర రాజీ పడినా దీని దగ్గర పడకండి.

బాడీ కెమెరాలు ఉన్నాయి కదా అంటే, కెమెరా ఎదుటివాణ్ని తీస్తుంది గానీ తగిలించుకున్నవాణ్ని కాదు. దాని రికార్డు శాఖ దగ్గరే ఉంటుంది. నంబరు ఎవరి ఫోన్‌లోనైనా పడుతుంది.

ముసాయిదా సమర్పించే ముందు ఒక పరీక్ష చేసి దాని ఫలితం జతచేయండి. ఒకరికి హెల్మెట్, కవచం, పైన రెయిన్‌కోటు తొడిగి, మీరు కోరే కొలతల్లో నంబరు అతికించండి. సాయంత్రం వీధి దీపాల వెలుతురులో అతన్ని పది మీటర్ల దూరంలో పరుగెత్తించి, ముందు నుంచీ వెనక నుంచీ మామూలు ఫోన్‌తో తీయండి. నంబరు ముందుగా తెలియని అయిదుగురికి ఆ వీడియో చూపించి, చదివింది రాయమనండి. పక్కనే మామూలు పేరు పట్టీతోనూ అదే పని చేయండి. ఆ రెండు కాగితాలు బల్ల మీద పెడితే "స్పష్టంగా కనిపించేలా" అంటే ఏమిటో ఇంక వాదించాల్సిన పని ఉండదు.